ఆరడుగుల ఫోటోని గోడకెక్కించిన ఫ్రేముల షాపు: మా అనుభవం

పెద్ద ఫోటో ప్రింటు వేయించుకోవడం వైజాగ్‌లో ఇప్పుడు పెద్ద విషయం కాదు. 44 అంగుళాల రోల్ ప్రింటర్లు పెట్టుకున్న ల్యాబులు ఉన్నాయి, ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి వస్తే ప్రింటు తీసి గొట్టంలో చుట్టి చేతికిస్తారు. ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. దాన్ని గోడకెక్కించాలి, ఎక్కించాక ఈ సముద్రపు గాలికి కాగితం ముడతలు తేలకుండా, బూజు పట్టకుండా, ఊడి సోఫాలో కూర్చున్నవాళ్ళ నెత్తిన పడకుండా ఏళ్ళ తరబడి నిలబెట్టాలి. ఇది తెలిసి చేసేవాళ్ళు ఊళ్ళో తక్కువ. జగదాంబ నుంచి పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళే దారిలో ఒక సందులో ఉన్న ఈ ఫ్రేముల షాపువాళ్ళకి తెలుసు. పెద్ద ప్రింటు పెట్టుకోవాలని చూస్తున్నవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఫోటో సంగతి. కైలాసగిరి మీద నుంచి తెల్లవారుజామున మా ఆయన తీసిన పనోరమా అది. కింద తీరం ఒంపు తిరిగి అటు డాల్ఫిన్స్ నోస్ కొండ దాకా కనిపిస్తుంది. కెమెరాని ట్రైపాడ్ మీద నిలువుగా బిగించి వరసగా తీసుకుంటూ పోయి, ఆ ముక్కలన్నీ కంప్యూటర్లో కలిపితే వెడల్పు 14,000 పిక్సెళ్ళు, ఎత్తు 7,000 వచ్చింది. హాల్లో సోఫా వెనక గోడకి ఆరడుగులు బై మూడడుగులు సరిపోతుందనుకున్నాం.

ఇంత పెద్ద సైజుకి ఫోటో పగిలి చుక్కలు చుక్కలుగా కనిపిస్తుందేమో అని చాలామందికి భయం. దీనికో లెక్క ఉంది. ఎన్ని అంగుళాల దూరం నుంచి చూస్తారో ఆ అంకెతో 3438ని భాగించండి, అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు ఉంటే కంటికి సరిపోతుందో వచ్చేస్తుంది. ఎనిమిది అడుగుల నుంచి చూస్తే 36 చాలు, రెండడుగుల దగ్గరికొస్తే 143 కావాలి. మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో 6,000 పిక్సెళ్ళ వెడల్పు ఉంటుంది, దాన్ని ఆరడుగులకి సాగదీస్తే అంగుళానికి 83 వస్తాయి. ఎదురు కుర్చీలో కూర్చుని చూడటానికి అది ధారాళంగా సరిపోతుంది. కానీ సొంత ఊరి ఫోటో గోడ మీద ఉంటే ఎవరు కుర్చీలో కూర్చుంటారు చెప్పండి? వచ్చినవాళ్ళంతా లేచి దగ్గరికెళ్ళి, ఇదిగో కురుసుర సబ్‌మెరైన్, అదిగో లైట్‌హౌస్, మా అపార్ట్‌మెంటు ఈ పక్కనే ఉండాలే అంటూ వేలు పెట్టి మరీ వెతుకుతారు. అందుకే ముక్కలు ముక్కలుగా తీసి కలపడం, అంగుళానికి 194 వచ్చేలా చూసుకోవడం. ఊరి ఫోటో, ఊరేగింపు ఫోటో, పెళ్ళి గ్రూప్ ఫోటో పెట్టుకునేవాళ్ళు ఈ జాగ్రత్త తీసుకోవాలి. ఒక్క మనిషి ముఖం, లేదా పొగమంచులో అరకు లోయ లాంటి ఫోటోకి ఇంత అక్కర్లేదు.

ప్రింటు బయట ల్యాబులో వేయించుకున్నాం, లస్టర్ పేపరు (కొద్దిపాటి మెరుపున్న కాగితం) మీద పిగ్మెంట్ ఇంకుతో. ద్రవంలో కరిగిపోయే రంగుతో చేసే డై ఇంకు కంటే, సన్నటి రంగు పొడితో చేసే పిగ్మెంట్ ఇంకు వెలుతురుకి ఎక్కువ కాలం తట్టుకుంటుంది, ఇంత ఖర్చు పెడుతున్నప్పుడు ఇక్కడ పొదుపు చేయకూడదు.

షాపు నడిపేది ఒక పెద్దాయన. నేను గొట్టం మూత తీయకముందే ఆయన అడిగిన ప్రశ్న: "ఏ గోడకి పెడతారమ్మా, ఇటుక గోడా, బ్లాకు గోడా, కాంక్రీటా?" నాకు అక్కడే నమ్మకం కుదిరింది. అంతకుముందు తిరిగిన షాపుల్లో అందరూ ఫ్రేము డిజైన్ల పుస్తకం తీసి ముందు పెట్టినవాళ్ళే. ఇటుకేనండీ, పాత అపార్ట్‌మెంటు, ఎంవీపీ కాలనీ అంటే, "గోడకి అవతలేటుంది?" అన్నారు. అవతల మా పడకగది. "అయితే మంచిదే. బయటి గోడైతే వానలకి చెమ్మ లాగుద్ది, అవతల బాత్రూమున్నా అంతే. అలాంటి గోడకి ఎంత మంచి ఫ్రేము కట్టినా వెనకనించి బూజొచ్చేస్తది." హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబరులో, బీచ్ వైపు ఇళ్ళలో గోడలు ఎలా నానిపోయాయో చూసినవాళ్ళకి ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. స్విచ్ బోర్డు ఎక్కడుంది, ఎదురుగా బాల్కనీ తలుపు ఉందా, మధ్యాహ్నం ఎండ ఆ గోడ మీద పడుతుందా, ఇవన్నీ అడిగారు. గోడ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమన్నారు. లిఫ్ట్ కొలతలు కూడా అడిగారు, అది ఎందుకో తర్వాత అర్థమైంది.

ఇక దేని మీద అంటించాలి అన్నది. ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు కాబట్టి కాస్త ఆగి చెప్తాను. ఊళ్ళో ఎవరిని అడిగినా ముందు చెప్పేది సన్‌బోర్డు. తేలిక, చవక, కత్తితో కోస్తే తెగుతుంది. రెండడుగుల ఫోటోకి బాగానే ఉంటుంది, ఆరడుగులకి మాత్రం వద్దు. అది పీవీసీ ఫోమ్, వేడికి అల్యూమినియం కంటే సుమారు మూడు రెట్లు సాగుతుంది, పైన అంటించిన కాగితం, ల్యామినేషన్ దానితో సమానంగా సాగవు. దాంతో పలక నెమ్మదిగా ఒక పక్కకి వంగిపోతుంది. పెదవాల్తేరులో మా పిన్ని వాళ్ళింట్లో తాతగారి పెద్ద ఫోటో అలాగే ఒకచోట సన్‌బోర్డు మీద చేయించారు, రెండు వేసవులు తిరిగేసరికి నాలుగు మూలలూ లేచి వేయించిన అప్పడంలా అయింది. ఆ షాపుకి తీసుకెళ్తే మళ్ళీ ప్రింటు వేయించుకోండి అన్నారట, అంతే.

సన్‌బోర్డు కాదంటే రెండోది ఎండీఎఫ్, అంటే చెక్క పొట్టుని జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక. గట్టిగా, చదునుగా ఉంటుంది, కానీ తేమ తగిలితే అంచులు ఉబ్బుతాయి, ఒకసారి ఉబ్బింది మళ్ళీ దిగదు. బరువు కూడా బాగా ఎక్కువ. 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ మా సైజుకి ఒక్కటే 15 కిలోల దాకా తూగుతుంది. దాని మీద 4 మిల్లీమీటర్ల అద్దం పెడితే అద్దమే ఇంకో 16, 17 కిలోలు, ఎందుకంటే అద్దం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు. పైన చెక్క ఫ్రేము కలుపుకోండి. అంత బరువు సోఫా మీద వేలాడుతుంటే కింద కూర్చున్నప్పుడల్లా టెన్షనే.

ఈ షాపులో వాడేది ఏసీపీ షీటు, షాపుల ముందు ఎలివేషన్లకి వేస్తారే, అదే. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పొర. 3 మిల్లీమీటర్ల షీటు మా సైజుకి ఆరు కిలోల దరిదాపుల్లో ఉంటుంది, తేమకి ఉబ్బదు, చదునుగా ఉంటుంది. ఆయన రాక్‌లో నుంచి మూడు ముక్కలు తీసి నా ముందు బల్ల మీద పెట్టారు, సన్‌బోర్డు, ఎండీఎఫ్, ఏసీపీ, మూడూ చాలాకాలం షాపు వెనక వరండాలో వదిలేసినవట. ఎండీఎఫ్ ముక్క అంచు వేలితో నొక్కితే పొరలుగా రాలుతోంది. సన్‌బోర్డుని బల్ల మీద పెడితే మధ్యలో వేలు దూరేంత సందు. ఏసీపీ ముక్క బల్లకి అతుక్కున్నట్టు పడుకుంది. ఇంక నేను వేరే ప్రశ్న అడగలేదు.

అద్దం వద్దని మేం ముందే అనుకున్నాం. బాల్కనీ తలుపు ఎదురుగా ఉంటే పగలంతా అద్దంలో ఆ తలుపే కనిపిస్తుంది, సముద్రం కనిపించదు. పైగా తేమ ఉన్న ఊళ్ళో ఫోటో అద్దానికి ఆనుకుంటే అక్కడక్కడా అతుక్కుపోతుంది, విడదీస్తే పై పొర లేచి వచ్చేస్తుంది. పాత ఆల్బమ్ ఫోటోలకి, దేవుడి గదిలో తాతమ్మల ఫ్రేములకి ఈ మరకలు మీరు చూసే ఉంటారు. అద్దం పెట్టక తప్పదంటే ఫోటోకీ అద్దానికీ మధ్య మౌంట్ బోర్డో (మందపాటి అట్ట), అంచు పట్టీయో పెట్టి సందు ఉంచాలి. ఈ షాపులో అడగకుండానే పెడతారు, గోడ మీద వేలాడుతున్న శాంపిళ్ళలో చూశాను.

యాక్రిలిక్, అంటే అద్దంలా కనిపించే ప్లాస్టిక్ షీటు, దాని వెనక అంటించడం ఇంకో రకం. ఫోటో ముఖం యాక్రిలిక్ షీటుకి ఆనేలా పారదర్శకమైన సిలికాన్‌తో అతికిస్తారు, రంగులకి భలే లోతు వస్తుంది. 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లకి పైగా పలికిన జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గర్‌స్కీ ఫోటో 'రైన్ 2' యాక్రిలిక్‌కి అతికించినదే. ఈ షాపువాళ్ళు ఆ పని ఇక్కడ చేయరు, హైదరాబాద్ పంపిస్తారు, మా సైజుకి 22,000 చెప్పారు. గీతలు తేలిగ్గా పడతాయి, వెలుతురు తళతళా తిరిగి కొడుతుంది. మా గోడకి అది సరిపడదని ఆయనే వద్దన్నారు. ఎక్కువ ఖర్చయ్యేదాన్ని షాపాయనే వద్దనడం నాకు నచ్చింది.

అంటించే రోజు చూడొచ్చా అంటే రమ్మన్నారు. ప్రింటు ముందురోజే ఇచ్చేశాం. ఇంకు పూర్తిగా ఆరాలి, కాగితం గది గాలికి అలవాటు పడాలి అని ఏసీ గదిలో పెద్ద బల్ల మీద ఒక రాత్రంతా విప్పి పరిచి ఉంచారు. ఇది చాలాచోట్ల చేయరు. తడి పట్టి ఉన్న కాగితాన్ని అలాగే అంటిస్తే తర్వాత ఆరి బిగుసుకుంటుంది, తడి ఆరని ఇంకు మీద ల్యామినేషన్ వేస్తే లోపల ఆవిరి చిక్కుకుని పొర లేస్తుంది. ఏసీపీ మీదున్న రక్షణ పొరని చివరి నిమిషంలో చర్రున లాగి, స్పిరిట్‌తో తుడిచి, దాన్నీ ప్రింటునీ కలిపి రోలర్ల మధ్య నుంచి ఒక చివర ఒకరు, ఇంకో చివర ఒకరు పట్టుకుని అంగుళం అంగుళం తోశారు. దాని మీద మెరుపు లేని మ్యాట్ ల్యామినేషన్. ఫ్యాన్లు ఆపేశారు, తలుపు మూసేశారు, ఒక్క దుమ్ము కణమో, గాలి బుడగో కింద చిక్కినా ఆరడుగుల ఆకాశంలో అది మొటిమై కనిపిస్తుంది.

చిక్కింది కూడా. కుడివైపు పై మూలన, ఆకాశం లేత గులాబీ రంగులోకి తిరిగేచోట, ఆవగింజంత గాలి పొంగు. అటూ ఇటూ చూస్తే తెలియదు, ట్యూబులైటు పక్క నుంచి పడితేనే నీడ కనిపిస్తోంది. నాకంటే ముందు అక్కడ పనిచేసే కుర్రాడే చూశాడు, "అన్నా, ఇక్కడొకటి ఉంది" అని పెద్దాయన్ని పిలిచాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని సూదిమొన బ్లేడుతో పొర మీద కంటికి ఆననంత గాటు పెట్టి, ఫెల్ట్ ముక్కతో నెమ్మదిగా బయటివైపు నొక్కుతూ గాలి తీశారు. ఇప్పుడు ఆ చోటు ఎక్కడో నేను వెతికినా దొరకడం లేదు. కప్పిపుచ్చకుండా నా ఎదురుగానే చెప్పి సరిచేశారు, షాపుకి ఇంతకంటే ఏం కావాలి.

ఒక మాట మాత్రం తెలుసుకోండి, ఇలా అంటించిన ప్రింటు మళ్ళీ ఊడి రాదు. ఒక్కటే కాపీ ఉన్న పాత ఫోటోని, స్టూడియోలో చేత్తో కడిగిన నాటి నలుపు తెలుపు ఒరిజినల్‌ని ఎప్పుడూ ఇలా చేయించకండి. స్కాన్ చేసి కొత్త ప్రింటు వేయించి దాన్ని అంటించండి. పెద్దాయన కూడా అదే చెప్తారు.

వెనక వైపు పని గురించి ఎవరూ రాయరు, నాకు అదే ఎక్కువ నచ్చింది. ఏసీపీ పలకకి వెనక అంచుల నుంచి కాస్త లోపలికి అల్యూమినియం పైపుల చట్రం అతికించారు, మధ్యలో రెండు అడ్డపట్టీలు. అంత పొడవు పలక వెనక ఆధారం లేకపోతే మధ్యలో ఊగుతుంది. చట్రం లోపలికి ఉండటంతో గోడ మీద ఫోటో తేలుతున్నట్టు కనిపిస్తుంది, వెనక గాలి ఆడుతుంది, బల్లులకి మాత్రం అది మంచి కాపురమే, నెలకోసారి బ్రష్షు పెట్టి దులుపుకోవాలి. మొత్తం కలిపి ఎనిమిది కిలోలు.

తగిలించడానికి తీగ వాడలేదు, జెడ్ పట్టీలు వాడారు. ఫ్రేము వెనక ఒక పట్టీ, గోడకి ఒక పట్టీ, ఒకదాంట్లో ఒకటి దిగి కూర్చుంటాయి. తీగ ఎందుకు వద్దంటే, మధ్యలో ఒకే మేకుకి తగిలించినప్పుడు తీగ ఎంత బిగుతుగా, అడ్డంగా ఉంటే దాని మీద లాగుడు అంత పెరుగుతుంది. 30 డిగ్రీల వాలులో ఉంటే రెండు వైపుల్లో ఒక్కో వైపు తీగలో లాగుడు ఫ్రేము మొత్తం బరువంత ఉంటుంది, 10 డిగ్రీలకి తగ్గితే దాదాపు మూడు రెట్లవుతుంది. ఆరడుగుల ఫ్రేముకి పైకి కనిపించకుండా తీగ కట్టాలంటే అలా బిగుతుగానే కట్టాలి, కొక్కేలు పీకుకొచ్చేది అందుకే. ఫ్యాను గాలికి ఒరుగుతుంది, వారానికోసారి సరిచేసుకుంటూ ఉండాలి. పట్టీ మీద కూర్చున్నది ఒరగదు. అల్యూమినియం జెడ్ పట్టీ దొరకనివాళ్ళు ప్లైవుడ్ పట్టీని 45 డిగ్రీల వాలులో నిలువునా కోయించి రెండు ముక్కలనీ అలాగే వాడుకోవచ్చు, వడ్రంగికి చెప్తే చేసిస్తాడు.

తేవడం దగ్గర చిన్న తంటా వచ్చింది. ఆటోలో పట్టదు, టాటా ఏస్ మాట్లాడాలి. బీచ్ రోడ్డు మీదుగా వద్దని డ్రైవరుకి పెద్దాయన గట్టిగా చెప్పి పంపారు. గాలికి అంత పలక తెరచాపే కదా. పలకకి రెండు వైపులా ఫోమ్ షీటు చుట్టి, మూలలకి అట్ట తొడుగులు వేసి, నిలువుగా కట్టారు. మా లిఫ్టులో పట్టలేదు. లిఫ్టు కొలతలు ముందే తీసుకున్నారు కాబట్టి ఇద్దరు మనుషుల్ని పంపారు, మెట్ల మలుపుల దగ్గర జాగ్రత్తగా తిప్పుకుంటూ మూడో అంతస్తుకి తెచ్చారు. పెద్ద ప్రింటు సైజు ఖాయం చేసుకునేముందు మీ మెట్ల మలుపు కొలుచుకోండి, ఐదడుగులు దాటితే ఇది తప్పదు.

గోడకి కన్నాలు పెట్టడం చూడాల్సిందే. ముందు స్విచ్ బోర్డుకి తిన్నగా పైనా కిందా గీత గీసి అక్కడ డ్రిల్లు పెట్టకూడదన్నాడు కుర్రాడు, గోడ లోపల వైరు పైపు ఆ దారిలోనే దిగుతుంది. లేజర్ లెవెల్ పెట్టి ఎర్ర గీత మీద గుర్తులు పెట్టుకున్నాడు. డ్రిల్లు కింద కాగితం పట్టుకుని పొడి రంగు చూస్తున్నాడు. మొదట బూడిద రంగు పొడి, అది ప్లాస్టరింగు, అర అంగుళం దాటాక ఎర్రగా మారింది, ఇటుక తగిలింది. అప్పుడు ఇంకో రెండంగుళాలు లోపలికి. ఫిషర్ ప్లగ్గు, అంటే స్క్రూ పట్టుకోవడానికి కన్నంలో దించే ప్లాస్టిక్ గొట్టం, ప్లాస్టరింగులో కూర్చుంటే బరువు మొయ్యదు, ఇటుకలో కూర్చోవాలి. రెండో కన్నంలో పొడి ఎంతకీ ఎర్రబడలేదు. "ఇటుకల మధ్య సిమెంటు తగిలిందమ్మా, ఇక్కడ పట్టు తక్కువ" అని ఆ కన్నం పుట్టీతో పూడ్చేసి అంగుళంన్నర పక్కకి జరిగాడు. పట్టీ పొడుగ్గా ఉంటుంది కాబట్టి అలా జరగొచ్చు, ఒక్క మేకు అయితే ఫోటో కూడా జరగాల్సి వచ్చేది. స్క్రూలన్నీ తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలువి. బీచ్‌కి ఇంత దగ్గరలో మామూలు ఇనుప స్క్రూ తుప్పు కారి సున్నం మీద గోధుమరంగు చారలు దిగుతాయి, మా వంటింటి అల్మారా కింద ఇప్పటికీ ఉన్నాయి.

ఎత్తు విషయంలో మాకూ వాళ్ళకీ కాసేపు చర్చ. మనవాళ్ళకి ఫోటో అంటే తలుపు పైకమ్మీ కంటే ఎత్తున, ముందుకి వాల్చి కట్టడం అలవాటు. మా అత్తగారు కూడా ఇంకా పైకి, ఇంకా పైకి అన్నారు. ఇలాంటి ఫోటో మధ్యభాగం నిలబడినవాళ్ళ కంటి ఎత్తులో, నేల నుంచి 57, 60 అంగుళాల దగ్గర ఉండాలని గ్యాలరీల్లో పాటించే పద్ధతి. సోఫా ఉంది కాబట్టి దాని వీపు నుంచి ఎనిమిది అంగుళాల పైన మొదలుపెట్టాం. పాత చీర ఒకటి ఆ సైజుకి మడిచి టేపుతో గోడకి అంటించి చూపించమన్నాను, కుర్రాడు విసుక్కోకుండా చేశాడు. చీర చూశాక అత్తగారు కూడా ఒప్పుకున్నారు.

మా అక్కది మధురవాడలో కొత్త ఫ్లాటు, తేలిక బ్లాకుల గోడ. మాది చూసి వాళ్ళు కూడా వీళ్ళకే ఇచ్చారు, అరకులో వలిసె పూల చేను, ఐదడుగులు బై మూడు, కాన్వాస్ మీద. బ్లాకు గోడలో డ్రిల్లు పెడితే తెల్లటి మెత్తటి పొడి వస్తుంది, డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో (తిరుగుతూనే సుత్తిలా కొట్టేలా) పెడితే కన్నం పెద్దదై ప్లగ్గు వదులైపోతుంది, అందుకే కుర్రాడు హ్యామర్ ఆపి నెమ్మదిగా తిప్పాడు. మామూలు ప్లగ్గు ఆ గోడలో నిలవదు, బ్లాకు గోడలకని వచ్చే పొడుగు నైలాన్ ప్లగ్గులు ఉంటాయి, అవి వేశారు. కొత్త ఫ్లాట్లవాళ్ళు ఎవరిని పిలిచినా ఈ ఒక్కటి ముందే అడగండి. గోడలన్నీ కాంక్రీటుతో పోసిన టవర్లలో ఉండేవాళ్ళకి ప్లగ్గు గొడవ లేదు, కానీ చిన్న డ్రిల్లు దిగదు, పెద్ద మిషను కావాలి. కాన్వాస్ వానాకాలంలో కొంచెం వదులవుతుంది. చెక్క చట్రం లోపలి మూలల్లో చిన్న చెక్క చీలికలు పెట్టారు, వాటిని సుత్తితో మెల్లిగా తడితే మళ్ళీ బిగుస్తుంది. అక్కకి ఎలా చేయాలో చూపించి వెళ్ళారు.

లోపాలు లేవని కాదు. చెప్పిన రోజుకి ఇవ్వరు, ఫోన్ చేస్తే ఎత్తేది కూడా సాయంత్రం పూటే. బిల్లు మీద 'ఫోటో మౌంటింగు' అని ఒక్క మాట రాసి మొత్తం వేసిచ్చారు. షీటు మందం, ల్యామినేషన్ రకం, ఫిట్టింగు అన్నీ విడివిడిగా రాసివ్వమని అడిగి రాయించుకున్నాను, మీరూ రాయించుకోండి. ఏసీపీ అంచు ముందు నుంచి కనిపించదు కానీ పక్క నుంచి చూస్తే మధ్యలో నల్లటి ప్లాస్టిక్ గీత కనిపిస్తుంది, కోసిన అంచు చేతికి కాస్త గరుకుగా కూడా ఉంది. చిన్నపిల్లలున్న ఇల్లయితే చుట్టూ సన్నటి అల్యూమినియం ఫ్రేము వేయించుకోవడం మంచిది. మాకు దాని గురించి ముందే చెప్పి ఉంటే వేయించేవాళ్ళం. గాజువాక దాటితే ఫిట్టింగుకి రారు, మనమే మనిషిని చూసుకోవాలి.

అద్దం లేదు కాబట్టి దుమ్ము సంగతి అడుగుతారు. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే సరిపోతోంది. వేలిముద్రలకి మాత్రం కొంచెం తడిబట్ట, వెంటనే పొడిబట్ట. జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు పోర్టు నల్లదుమ్ము పడే ఇళ్ళవాళ్ళు పొడిబట్టతో రుద్దకండి, ముందు బ్రష్షుతో దులపండి, లేకపోతే ఆ దుమ్మే మ్యాట్ పొర మీద గీతలు పెడుతుంది.

డబ్బు: ప్రింటు కాకుండా షీటు, ల్యామినేషన్, వెనక చట్రం, పట్టీలు, బండి, ఇద్దరు మనుషుల ఫిట్టింగు, అన్నీ కలిపి మాకు 8,400 అయింది. సగం అడ్వాన్సు. మోల్డింగు ఫ్రేము, అద్దంతో వేరేచోట చెప్పిన ధర కూడా ఇంచుమించు ఇంతే. కాబట్టి ఇది చవకని అనను, ఆ డబ్బుకి ఇది మేలైన పని అంటాను. నేను ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర టైముకి ఇవ్వనందుకు.

వెళ్ళేవాళ్ళు గోడ ఫోటో, లిఫ్టు కొలత దగ్గర పెట్టుకుని వెళ్ళండి, సాయంత్రం ఆరు దాటాక అయితే పెద్దాయన తీరిగ్గా మాట్లాడతారు. మాఘమాసం వచ్చిందంటే పెళ్ళి ఫోటోల ఎన్‌లార్జిమెంట్లతో ఆ బల్ల ఖాళీ ఉండదు, సంక్రాంతిలోపే ఇచ్చేయండి.